కూలి పని మానకుండా వేషం నేర్చుకోవడం ఎలా?

రిహార్సళ్ళు లేని కాంట్రాక్టు నాటకాలు - ఇంటి దగ్గర సాధనే దిక్కు

చంద్రశేఖరపురం: రాత్రి పదకొండు దాటింది. తిరునాళ్ళలో జనం చాపలు, గోతాలు పరుచుకొని స్టేజీ ముందు కూర్చున్నారు. హరిశ్చంద్ర నాటకం మొదలు కావలసి ఉంది. హరిశ్చంద్ర వేషధారి ఒక ఊరి నుంచి, చంద్రమతి మరొక ఊరి నుంచి, విశ్వామిత్రుడు ఇంకొక పట్నం నుంచి వచ్చి బడి వరండాలో ముఖాలకు రంగు పూసుకుంటున్నారు. వారిలో ఒకరి ముఖం ఒకరు ఎరగని వారు కూడా ఉన్నారు. హార్మోనిస్టు వరండాలోకి తొంగి చూసి, "నీ శ్రుతి ఎంతబ్బాయ్?" అని ఒక్కొక్కరినీ అడిగి వెళ్ళాడు. ఆ రాత్రికి అదే రిహార్సలు.

ఆనాడు నక్షత్రకుడి వేషం వేయవలసిన వ్యక్తికి జ్వరం వచ్చింది. వార్త రాసుకుందామని వెళ్ళిన ఈ విలేఖరికి ఆ వేషం తగిలించారు. చిన్నప్పటి నుంచి విన్న నాటకమే. పద్యాలు చాలా వరకు నోటికి వచ్చు. రంగు వేసుకొని స్టేజీ ఎక్కేదాకా భయం అనేది లేదు. రెండో రంగంలో హరిశ్చంద్ర వేషధారి ఈ విలేఖరి ఎదురు చూసిన మాట అనలేదు. నాలుగు మాటలు దాటవేసి నేరుగా పద్యం అందుకున్నాడు. పద్యం అయ్యాక ఏమనాలో ఈ విలేఖరికి తోచలేదు. నోట మాట రాక నిలబడిపోయాడు. ముందు వరసలో పిల్లలు ఈల వేశారు. తెల్లవారుజామున చేతిలో డబ్బులు పెడుతూ కాంట్రాక్టరు ఒక్క మాట కూడా అనలేదు. ఆ తర్వాత ఏడాది పాటు కబురు కూడా చేయలేదు.

తిట్టి ఉంటే బాగుండేదని చాలా రోజులు అనిపించింది. తిడితే తప్పు ఎక్కడుందో తెలిసేది గదా!

ఇది ఒక్కరి సంగతి కాదు. మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి ప్రాంతాల్లో పగలు కంది చేలల్లోనో బత్తాయి తోటల్లోనో పని చేసుకొని, రాత్రి వేషం కట్టేవారు నేటికీ ఉన్నారు. టైలర్లు, బడి పంతుళ్ళు, ఆటో తోలేవారు, గొర్రెలు కాసేవారు కూడా వారిలో ఉన్నారు. వేషం బాగుంటే మరుసటి తిరునాళ్ళకు పిలుపు వస్తుంది, బాగా లేకపోతే రాదు. ఎందుకు బాగా లేదో చెప్పే నాథుడు లేడు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పూర్వం ఈ పరిస్థితి లేదు. ఊళ్ళో నాటక సమాజం ఉండేది. పంతులు ఉండేవాడు. నెలల తరబడి సాధన జరిగేది. తప్పు పాడితే అక్కడికక్కడే దిద్దేవారు. మనకు పొరుగునే ఉన్న కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు 'కీచకవధ'తో మొదలుపెట్టిన సురభి నాటక కళ దీనికి పెద్ద ఉదాహరణ. అక్కడ ఒక కుటుంబమంతా ఒకే సమాజం. పిల్లవాడు నడక నేర్చే వయసులోనే స్టేజీ మీదికి వచ్చేవాడు. అతనికి శిక్షణ అని వేరుగా ఏమీ అక్కరలేదు, ఇల్లే బడి. నేటి కాంట్రాక్టు నాటకంలో ఇల్లు వేరు, స్టేజీ వేరు. 'కురుక్షేత్రం'లో కృష్ణులు ముగ్గురుంటారు. ఒకటో కృష్ణుడు వెళ్ళాక రెండో కృష్ణుడు వస్తాడు. ముగ్గురూ కలిసి భోంచేయడమే గాని కలిసి సాధన చేసేది లేదు.

విశ్వవిద్యాలయాల్లో నాటక శాఖలు ఉన్న మాట నిజం. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉంది, హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఉంది. ఢిల్లీలో జాతీయ నాటక విద్యాలయం 1959లోనే వెలిసింది. చదువుకునే వయసులో ఉన్న కుర్రవాడు వాటికి దరఖాస్తు పెట్టుకోవడం మంచిదే. అయితే ముప్పై అయిదేళ్ళ వయసులో ఇద్దరు పిల్లలతో, రెండెకరాల మెట్టతో ఉన్నవాడు రెండేళ్ళు ఊరు విడిచి పోలేడు. అతనికి మిగిలింది ఒక్కటే దారి. తన పాఠ్యప్రణాళిక తానే రాసుకోవాలి.

ఇది కొత్త సంగతేమీ కాదు. బళ్ళారి రాఘవ (1880-1946) వృత్తి న్యాయవాదం. పగలు కోర్టు, రాత్రి నాటకం. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యుల వద్ద నాటక వాసన పట్టినా, తన నటన తాను దిద్దుకున్నది ఎక్కువ. పద్యాన్ని రాగాలతో సాగదీసి పాత్రను మరచిపోవడాన్ని ఆయన ఒప్పుకోలేదు. ఆ కాలంలో ఆ మాట అనడానికి గుండె కావాలి. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902-1971) సంగతి మరీ విచిత్రం. హరిశ్చంద్ర నాటకానికి చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ వేషం కట్టి రంగప్రవేశం చేశారని చెబుతారు. సరిగ్గా ఈ విలేఖరికి పట్టిన అవస్థే! తేడా ఏమిటంటే ఆయన సత్యభామగా, రోషనారగా, మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఊపేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. తన అనుభవాలను 'నటస్థానం' అనే పుస్తకంగా కూడా రాశారు. మగవాడు ఆడ నడక నడవాలంటే దానికి బడి ఎక్కడుంది? చూసి నేర్చుకోవలసిందే.

మన కాలానికి వస్తే జయప్రకాష్ రెడ్డి ఉన్నారు. కర్నూలు జిల్లా సిరివెళ్ళలో 1946లో పుట్టి, లెక్కల మాస్టారుగా పనిచేస్తూ నాటకాలు వేశారు. సినిమాలలో పేరు వచ్చాక కూడా నాటకం వదలలేదు. 'అలెగ్జాండర్' అనే ఏకపాత్ర నాటకంలో గంటన్నరకు పైగా ఒక్కరే స్టేజీ మీద ఉండేవారు. 2020లో గుంటూరులో కన్నుమూశారు. ఎదుటివాడు మాట అందించే నాటకం కాదది. తప్పినా, నిలిచినా అంతా ఒక్కడి మీదే. అంత సాధన ఇంటి దగ్గర చేసుకోక తప్పదు.

ఇక ఈ విలేఖరి చేసిన ప్రయత్నం చెప్పవలసి ఉంది. దీపావళి వెళ్ళిన మరునాడు పది రూపాయల నోటు పుస్తకం కొన్నాడు. శివరాత్రి దాకా గడువు పెట్టుకున్నాడు. మొదటి పేజీలో పద్యం రాయలేదు. తప్పులు రాశాడు. ఫోనులో తన గొంతు తాను రికార్డు చేసుకొని మూడు రోజులు విన్నాడు. తన గొంతు తాను వినడం ఎంత బాధో విన్నవారికే తెలుస్తుంది. తేలిన తప్పులు ఇవి: 'ణ' అనవలసిన చోట 'న' అంటున్నాడు. 'ళ' బదులు 'ల' పలుకుతున్నాడు. ఒత్తు అక్షరాలు సగం ఎగిరిపోతున్నాయి. వాక్యం చివరి మాట గొంతులోకి జారిపోతోంది. చేతులు ఊరికే ఉండవు, భుజం మీది కండువా సర్దుకుంటూ ఉంటాయి. ఆఖరుది రికార్డులో తెలిసేది కాదు, ఇంటి ఆడవారు చెప్పారు.

ఒకేసారి పది వేషాలు నేర్చుకోవాలనే ఆశ మంచిది కాదు. ఒక్క నక్షత్రకుడినే పట్టుకున్నాడు. పడిపోయిన చోటనే లేవాలి గదా.

పద్యం విషయం కొంచెం వివరంగా చెప్పాలి. మనలో చాలామంది పద్యాన్ని చెవితో నేర్చుకుంటారు. యూట్యూబులో ఒక పేరున్న నటుడి పద్యం పెట్టుకొని, ఆయన ఎక్కడ ఊపిరి తీస్తే అక్కడ తీసి, ఎక్కడ సాగదీస్తే అక్కడ సాగదీస్తారు. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలు క్యాసెట్ల కాలం నుంచి మన ఊళ్ళల్లో మోగుతూనే ఉన్నాయి. వినడం తప్పు కాదు. అర్థం తెలియక ముందే బాణీ పట్టుకోవడం తప్పు. ఒకసారి పట్టిన బాణీ వదలదు. అర్థం తెలిశాక కూడా నోరు పాత దారినే పోతుంది.

అందుచేత ఈ విలేఖరి ముందు పద్యాన్ని వచనంగా రాసుకున్నాడు. బడిలో తెలుగు పండితులు ప్రతిపదార్థం చెప్పిస్తారే, ఆ పనే. తెలియని మాటలకు హైస్కూలు తెలుగు మాస్టారి దగ్గరకు రెండు ఆదివారాలు వెళ్ళాడు. ఆయన ఎంతో సంతోషించారు. నాటకాలాడేవాడు అర్థం అడగడానికి రావడం ఇదే మొదటిసారి అన్నారు. అప్పుడు తేలిన సంగతి ఒకటుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, శార్దూలానికి పందొమ్మిది. పాదం అయిపోయిన చోట మాట అయిపోవాలని లేదు. మాట సగం ఈ పాదంలో, సగం పై పాదంలో పడుతుంది. పాదం చివర ఊపిరి తీస్తే మాట రెండు ముక్కలై అర్థం పోతుంది. వచనంగా రాసుకున్నాక ఎర్ర పెన్సిలుతో ఊపిరి తీయవలసిన చోట గీత పెట్టుకున్నాడు. ఆ గీతల ప్రకారం ముందు వారం రోజులు పద్యాన్ని రాగం లేకుండా, పక్కవాడితో మాట్లాడినట్టు చెప్పాడు. రాగం ఆ తర్వాతనే. రాఘవ గారి పట్టుదలలో ఎంత న్యాయం ఉందో ఆ వారంలో తెలిసివచ్చింది. అయితే పల్లె జనానికి రాగం కావాలి, వన్స్‌మోరు కావాలి. అది లేకుండా కాంట్రాక్టరు పిలవడు. పెద్దలు ఏమన్నా మనం జనాన్ని వదులుకోలేము.

గొంతు సంగతి. చంద్రశేఖరపురం మండలంలోనే ఉన్న భైరవకోనకు వెళ్ళి జలపాతం పక్కన అరిస్తే గొంతు గట్టిపడుతుందని ఒక పెద్దాయన చెప్పాడు. గ్రీసు దేశంలో డెమోస్తనీసు అనే ఉపన్యాసకుడు నోట్లో గులకరాళ్ళు పెట్టుకొని, సముద్రపు ఒడ్డున మాట్లాడి సాధన చేశాడని కథ ఒకటి ఉంది. ఈ విలేఖరి రెండు రోజులు కోనలో నీళ్ళ హోరు మీద అరిచాడు. మూడో రోజు గొంతు పోయింది. నాలుగు రోజులు సైగలతోనే గడిచింది. జలపాతం బాగానే ఉంది!

అసలు పద్ధతి దానికి తలకిందులు. తెల్లవారుజామున చేలో మోటారు వేసి, మడికి నీరు పారే అరగంటలో పని జరిగిపోతుంది. పెదవులు మూసుకొని మెల్లగా హమ్ చేయడం, చిన్నపిల్లలు బస్సు ఆట ఆడినట్టు పెదవులతో బుర్రుమనిపించడం, 'స్' అనే చప్పుడును ఒక్క ఊపిరిలో ఎంతసేపు నిలపగలమో గడియారం చూసుకోవడం. మొదటి రోజు పద్నాలుగు సెకన్లు వచ్చింది. రెండు నెలలకు ఇరవై ఆరు దాకా వచ్చింది. పూర్వం మైకు లేదు గనుక ఆఖరి వరస దాకా వినిపించడానికి పై శ్రుతిలో పాడేవారు. ఇప్పుడు మైకు ఉంది. గొంతుకు అందని శ్రుతి పెట్టుకోవడం ప్రతిష్ఠ కోసమే. అర మెట్టు దించమని హార్మోనిస్టును అడగడంలో నామోషీ లేదు.

వేషానికి ముందు మందు పుచ్చుకుంటే గొంతు విప్పుకుంటుందని చెప్పేవారు మనలో తక్కువేమీ లేరు. అది గొంతును ఎండగొడుతుంది, నొప్పి తెలియకుండా చేస్తుంది. నొప్పి తెలియకపోతే మనిషి ఇంకా అరుస్తాడు. జర్దా కిళ్ళీ కూడా అంతే. మంచినీళ్ళు తాగుతూ ఉండాలి. గొంతు బొంగురు పోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే మేలని అనుకుంటారు గాని, దానివల్ల కూడా గొంతుకు శ్రమే. మాట మానేయడం మంచిది. బొంగురు మూడు వారాలు దాటినా తగ్గకపోతే కషాయాలు కట్టిపెట్టి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించుకోవాలి. పొగాకు వాడేవారు దీన్ని అసలు అశ్రద్ధ చేయరాదు.

మిగిలింది పాత్ర. అభినయం నాలుగు విధాలని నాట్యశాస్త్రం చెబుతుంది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం. మన తిరునాళ్ళ నాటకంలో వాచికం ఉంది, కిరీటాలూ జరీ బట్టలూ అద్దెకు తెచ్చుకుంటాం గనుక ఆహార్యం ఉంది. మిగతా రెండూ దేవుడి దయ. రష్యాలో స్టానిస్లావ్‌స్కీ (1863-1938) అనే ఆయన నటుడు తనను తాను ఒక ప్రశ్న అడుక్కోవాలన్నాడు. ఈ రంగంలో ఈ పాత్రకు ఏమి కావాలి? ఈ విలేఖరి ఆ ప్రశ్న నోటు పుస్తకంలో రాసుకున్నాడు. నక్షత్రకుడికి ఏమి కావాలి? విశ్వామిత్రుడికి రావలసిన బాకీ వసూలు కావాలి. రాజు వెంట కాశీ దాకా పోయేది అందుకే.

బాకీ వసూలు అంటే మన ఊళ్ళకు కొత్తా? వారం వారం వచ్చే ఫైనాన్సు కుర్రవాడు ఉన్నాడు. అతను అరవడు. అరుగు మీద కూర్చుంటాడు. మంచినీళ్ళు అడుగుతాడు. పిల్లవాడిని ఏ క్లాసు చదువుతున్నావని పలకరిస్తాడు. ఫోను చూసుకుంటాడు. లేవడు. ఆ లేవకపోవడంలోనే ఉంది అంతా. ఈ విలేఖరి నాలుగు వారాలు అతన్ని గమనించాడు. ఒక సాయంత్రం ఒక ఇంటి ముందు ఆడమనిషి ఏడ్చేసింది. కుర్రవాడు తల దించుకొని చెప్పు కొనతో మట్టి గీసాడు. అయినా లేవలేదు. అతనికి పైన ఇంకొకడు ఉన్నాడు, వట్టి చేతులతో పోతే అతని జీతం పోతుంది. నక్షత్రకుడిని నవ్వించే వేషంగానే మనం ఇన్నాళ్ళూ చూశాం. అతని వెనుక విశ్వామిత్రుడు ఉన్నాడన్న సంగతి ఆ మట్టి గీతలో కనిపించింది.

ఆ రోజు నుంచి స్టేజీ మీద అరవడం, గంతులు వేయడం తగ్గించుకున్నాడు. కూర్చోవడం నేర్చుకున్నాడు. చెప్పినంత తేలిక కాదు. జనం ముందు ఊరికే కూర్చోవాలంటే చేతులు కండువా మీదికి పోతూనే ఉంటాయి. ఇంట్లో పంచె కట్టుకొని, చేతిలో కర్ర పట్టుకొని రోజూ పావుగంట కూర్చున్నాడు. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత పట్టించుకోవడం మానేశారు. పట్టించుకోవడం మానేసినప్పుడే కుదిరిందని అర్థం.

ఎదుటివాడు మాట దాటవేస్తే ఏం చేయాలి? అసలు దెబ్బ తగిలింది అక్కడే. దీనికి ఉపాయం పద్యాలు ఇంకా కంఠస్థం చేయడం కాదు. ఆ రంగంలోని ప్రతి పాత్రకూ ఏమి కావాలో తెలిసి ఉంటే, ఏ మాట దాటినా కథలోకి తిరిగి రావచ్చు. ఆదివారం మధ్యాహ్నం పక్క ఊరి హార్మోనిస్టు ఇంటికి పోయి, ఆయనను హరిశ్చంద్రుడి మాటలు అనమన్నాడు. "బావా, నీ ఇష్టం వచ్చిన చోట దాటవెయ్యి" అని చెప్పాడు. ఆయనకు అది ఆటగా ఉండేది. ఒకసారి రెండు పద్యాలు దాటేసి వీరబాహు దగ్గరకు పోయాడు! అయినా బండి నడిచింది. ఈ ఒక్క పని వేరే ఎవరి సాయమూ లేకుండా చేసుకోలేము. తక్కినదంతా ఒంటరిగా సాగుతుంది గాని, దీనికి మాత్రం ఇంకొక మనిషి కావాలి.

మధ్యలో రెండు వారాలు సాధన సాగలేదు. కంది కోతలు వచ్చాయి, ఇంట్లో పెళ్ళి వచ్చింది. పుస్తకంలో ఆ పేజీలు ఖాళీగా ఉన్నాయి. రోజుకు రెండు గంటలని రాసుకున్నవాడు మూడో రోజే మానేస్తాడు. అరగంట అని రాసుకుంటే, తప్పిన రోజు తర్వాత మళ్ళీ మొదలు పెట్టడానికి సిగ్గు ఉండదు. ఇంకొకటి, ఇంట్లో చెప్పి చేయాలి. తెల్లవారుజామున చేలో ఒంటరిగా హమ్ చేస్తున్నాడని ఊళ్ళో పుకారు పుడితే సర్ది చెప్పవలసింది ఇంటివారే.

శివరాత్రికి పది రోజుల ముందు రచ్చబండ దగ్గర ఎనిమిది మందిని కూర్చోబెట్టి, రంగు లేకుండా, బల్బు వెలుగులో రెండు రంగాలు చేసి చూపాడు. బాగుందా అని అడగలేదు. అలా అడిగితే అందరూ బాగుందనే అంటారు. ఎక్కడ నిద్ర వచ్చిందని అడిగాడు. ఒక ముసలాయన ఉన్నది ఉన్నట్టు చెప్పాడు: "రెండో పద్యం కాడ కునుకు పట్టింది నాయనా." పుస్తకంలో ఆ పద్యం పక్కన గుర్తు పెట్టుకున్నాడు.

శివరాత్రికి కాంట్రాక్టరు నుంచి పిలుపు రాలేదు. శ్రీరామనవమికి వచ్చింది. వేరే కాంట్రాక్టరు, వేరే ఊరు. ఆనాటి హరిశ్చంద్రుడు కూడా రెండు మాటలు దాటవేశాడు. ఈ విలేఖరి కర్ర పక్కన పెట్టి, కింద కూర్చొని, మంచినీళ్ళు అడిగాడు. నాటకంలో లేని మాట అది. హరిశ్చంద్రుడు ఒక్క క్షణం తెల్లబోయి, తేరుకొని, దాటిన చోటికి తిరిగి వచ్చాడు. ముందు వరసలో ఎవరో ఆడమనిషి "అచ్చం మన ఇంటికొచ్చేవోడే" అన్నది. ఈల వినిపించలేదు. వన్స్‌మోరు కూడా రాలేదు.

తెల్లవారి బస్సు కోసం నిలబడి ఉండగా హార్మోనిస్టు టీ తాగుతూ, "నీ 'ణ' ఇంకా తిరగలా అబ్బాయ్" అన్నాడు. ఆ సంగతి పుస్తకంలో రాసుకోవడం జరిగింది.